ఎపిసోడు పొడుగైతే క్రాపు పొట్టి

సెలూన్ మామయ్య చేతిలో ఎవరి జుట్టయినా తెగుతుంది గానీ, ఎవరి మాటా మధ్యలో తెగదు. అదే ఆయనకున్న జబ్బు. ఎదుటి మనిషి నోరు తెరిచాడంటే ఆ నోరు తనంతట తాను మూతపడేదాకా మామయ్య ఊఁ కొడుతూ నిలబడతాడు. దగ్గొస్తే మింగేస్తాడు. తుమ్మొస్తే ముక్కు నొక్కుకుంటాడు. "వీడు పుట్టినప్పుడు కూడా మంత్రసాని మాట్లాడ్డం అయ్యాకే ఏడ్చి ఉంటాడు," అంటుంది వాళ్ళక్కయ్య.

ఒకసారి సెలూనుకి రాంగు నంబరు ఫోనొకటి వచ్చింది. అవతల ఎవరో ఆవిడ ఈయన్ని కుళాయిలు బాగుచేసే మనిషనుకుని, వంటింటి కుళాయి కారడం దగ్గర మొదలుపెట్టింది. కింది వాటా వాళ్ళ గోడ నానిపోవడం, వాళ్ళొచ్చి పోట్లాడటం, తన మొగుడు నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు నిలబడి చూడటం దాకా ఏకరువు పెట్టింది. మామయ్య ఆసాంతం విన్నాడు.

"చెప్పడం అయిందా అమ్మా?"

"అయింది. ఎప్పుడొస్తావు?"

"ఇది సెలూనమ్మా."

"ఆ ముక్క మొదటే ఏడవొచ్చుగా!"

"మీరు మాట్లాడుతున్నారు కదమ్మా, మధ్యలో ఎలా?"

మర్నాడు ఆవిడ మొగుడు వెతుక్కుంటూ సెలూనుకి వచ్చాడు. "మా ఆవిడ మాట చివరిదాకా విన్న మనిషిని ఒక్కసారి చూసి పోదామని వచ్చానండీ," అన్నాడు. అప్పట్నుంచి ఆయన క్షవరం ఇక్కడే.

సరే, బతికున్న మనుషులతోనే ఈ మర్యాద అయితే ఎవరికీ పేచీ లేదు. అసలు తంటా ఆ ప్లేయరు వచ్చాక మొదలైంది. ఊరు మారిపోతూ ఒక పాత ఖాతాదారుడు తన చేతి ప్లేయరును మామయ్యకు బహుమానంగా ఇచ్చి వెళ్ళాడు. అరచేతిలో ఇమిడే డబ్బా. పేకముక్కంత తెర. పక్కన చిన్న స్పీకరు. వీధి చివర కంప్యూటరు సెంటరు నడిపే ఆవిడ వారానికోసారి అందులోకి వీడియో పాడ్‌కాస్టులు ఎక్కించి ఇస్తుంది. దానికి ప్రతిగా ఆవిడ ఇద్దరు కొడుకుల క్రాపులూ మామయ్య పూచీ. ఆ డబ్బాని అద్దం మూలకి బట్టల క్లిప్పుతో తగిలిస్తాడు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని, ముందు చెరో మైకు పెట్టుకుని గంటలకొద్దీ మాట్లాడుకుంటూనే ఉంటారు. మామయ్యకి అంతకన్నా స్వర్గం ఏముంటుంది?

"ఈ రోజుల్లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి కదా మామయ్యా… అందులో చూసుకోరాదూ?" అని అడిగింది మేనకోడలు ఒకసారి.

"ఫోనులోనా? ఎవడో ఒకడు మధ్యలో ఫోను చేస్తాడు. పాపం ఆ మాట్లాడేవాళ్ళ నోళ్ళు టక్కున మూతపడతాయి. నాకు ప్రాణం ఉసూరుమంటుంది తల్లీ," అన్నాడు.

అందులో ఏం చూస్తాడంటే ఏదైనా చూస్తాడు. వంతెనలు ఎలా కడతారు, గురక ఎందుకొస్తుంది, ఉప్పు కథ, తేనెటీగల సంసారం. ఇది కావాలి, అది వద్దు అని ఏనాడూ అనలేదు. "ఇంటికొచ్చిన మనిషిని ఏం మాట్లాడబోతున్నావని ముందే అడుగుతామా?" అంటాడు. తెరమీద ఆయన "అందరికీ నమస్కారం" అంటే మామయ్య కత్తెర పక్కన పెట్టి రెండు చేతులూ జోడిస్తాడు. "మళ్ళీ కలుద్దాం" అంటే గుమ్మందాకా సాగనంపుతున్నవాడిలా తలూపుతాడు. ఇక పాజ్ నొక్కడమంటారా, అది మాట్లాడేవాడి నోటికి చెయ్యడ్డం పెట్టడంతో సమానం. పరుగెత్తించి చూడటమైతే మెడపట్టి గెంటడమే.

ఇంతవరకూ ఆయన వేడుక ఆయనది. కానీ కుర్చీలో కూర్చున్నవాడి గతేమిటి? ఎపిసోడు నడుస్తుండగా క్షవరం అయిపోయిందనుకోండి, ఖాతాదారుడు లేచి పోతాడు. మాట్లాడేవాణ్ణి వదిలేసి మధ్యలో లేచిపోవడం కన్నా అమర్యాద ఇంకొకటి ఉందా? అందుకని ఎపిసోడు అయ్యేదాకా క్షవరం కాదు. కత్తెర ఆడుతూనే ఉంటుంది. ఎపిసోడు పొడుగైతే క్రాపు పొట్టి. ఆ వీధిలో పసిపిల్లలక్కూడా ఈ లెక్క తెలుసు.

అందుకే జనం గుమ్మంలోనే నిలబడి వాకబు చేస్తారు.

"ఇవాళ ఏం నడుస్తోందండీ?"

"తేనెటీగలు బాబూ."

"ఎందాకా వచ్చారు?"

"ఇంకా రాణీ ఈగ బయటికి రాలేదు."

"అయితే సాయంత్రం వస్తాలెండి," అని నెత్తి పట్టుకుని పారిపోతారు.

బేకరీ ఆయన పాపం ఇవేమీ తెలుసుకోకుండా వచ్చి కూర్చున్నాడొకసారి. పాస్‌పోర్టు ఫోటోకి కాస్త పక్కలు సరిచేయించుకుందామని వచ్చాడు. ఆ రోజు వంతెనల ఎపిసోడు. చెక్క వంతెన అయ్యేసరికి పక్కలు అయ్యాయి, రాతి వంతెనకి వెనకాల అయింది, ఇనప వంతెన వచ్చేసరికి పైన కూడా ఏమీ మిగల్లేదు. ఇప్పటికీ ఆయన ఏ దేశం వెళ్ళినా అక్కడి వాళ్ళు ఫోటో వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసి, పక్కకి రమ్మంటారు.

దానికి తోడు ఆ డబ్బా బ్యాటరీ ముసలిది. ఉన్నట్టుండి ప్రాణం వదులుతుంది. అది ఆగితే కత్తెరా ఆగుతుంది. బస్సు డ్రైవరుకి సరిగ్గా సగం తల అయ్యాక ఆగింది.

"రెండోవైపు కూడా కానివ్వండి మామయ్యగారూ, డ్యూటీకి వేళవుతోంది."

"ఎలా బాబూ? గురక గురించి చెప్పే డాక్టరమ్మ మాట సగంలో ఉంది."

"ఆవిడ డబ్బాలో ఉందండీ! నేను కుర్చీలో ఉన్నాను!"

"ఛార్జింగు ఎక్కనీ. ఆవిడ ఏం చెప్పబోయిందో ఏమో, మన పని మనం చూసుకుంటే బాగుంటుందా?"

డ్రైవరు ఆ పూటంతా సగం తలతోనే బస్సు నడిపాడు. కుడివైపు నుంచి చూసినవాళ్ళు ఒక డ్రైవరున్నాడనీ, ఎడమవైపు నుంచి చూసినవాళ్ళు ఇంకో డ్రైవరున్నాడనీ దెబ్బలాడుకున్నారట. సాయంత్రం వచ్చి, గురక కథ చివరిదాకా విని, రెండోవైపు చేయించుకుని వెళ్ళాడు. చిత్రమేమిటంటే మళ్ళీ నెల మళ్ళీ వచ్చాడు. వస్తాడు మరి. తన పైఅధికారి తనని ఎన్నెన్ని మాటలన్నాడో ఇంట్లో ఎవరూ వినరు. మామయ్య వింటాడు.

ఇక మేనకోడలి సంగతి. మామయ్య సెలూనుకి నాలుగు గుమ్మాల అవతల ఆమెకి కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఉంది. వీధివాళ్ళు మిషనమ్మాయి అంటారు. హస్తవాసి గల పిల్ల. మొరాయించిన మిషనును ఒళ్ళో పిల్లిని పెట్టుకున్నట్టు దగ్గరికి తీసుకుని, చెవి ఆనించి విని, ఎక్కడ నొప్పో చెప్పేస్తుంది. ఆమెకి నత్తి లేదు, తెలివి తక్కువ అంతకన్నా కాదు. మాటకీ మాటకీ మధ్య కాస్త దూరమెక్కువ, అంతే. ఒక మాట అన్నాక రెండోమాట నిదానంగా నడిచి వస్తుంది.

అంతవరకూ ఆగే ఓపిక లోకానికుంటేనా? ఆమె సగం చెబితే మిగతా సగం ఎవరో ఒకరు లాక్కుని పూర్తిచేసేవారు. అందరికన్నా ముందు వాళ్ళమ్మ. "అమ్మా, నాకు ఆకలి…" అని ఆమె అనగానే, "వేస్తోందా? అయ్యో నా తల్లీ!" అని వాళ్ళమ్మ కంచం పెట్టేసేది. ఆమె చెప్పబోయింది ఆకలి లేదని. అలా చిన్నతనంలో ఎన్ని అన్నాలు రెండుసార్లు తిందో ఆ పిల్లకే తెలియదు. చెప్పులకొట్లో "ఆ నల్లవి…" అంటే నల్లవి కట్టి ఇచ్చేసేవాళ్ళు, ఆమె చెప్పబోయింది నల్లవి వద్దని. బళ్ళో ఆమె లేచి జవాబు మొదలుపెట్టేసరికి పక్కపిల్ల ముగించేసేది. చివరికి ఆమె మొదలుపెట్టడమే మానేసింది. ఏదడిగినా ఒక నవ్వు నవ్వేది.

ఆ రోజుల ఫోటోలు చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది. ఒక్కదాంట్లోనూ జడ లేదు, చెవులు దాటిన జుట్టు లేదు. అన్నింట్లోనూ మగపిల్లాడి క్రాపే. అంతా మామయ్య చేతి చలవే. "ఆడపిల్ల తలని… పనస పిక్కలా చేశావు కదయ్యా," అని ఇప్పటికీ దెప్పుతుంది. మామయ్య నవ్వి ఊరుకుంటాడు.

ఆ మధ్య మేనకోడలికి ఒక ఉపాయం తట్టింది. కెమేరా ఎవరి మాటా లాక్కోదు కదా! పెదనాన్న కొడుకు దగ్గర కెమేరా, మైకు అరువు తెచ్చుకుని, కొట్లోనే బల్ల మీద మిషను పెట్టుకుని, వారానికొక వీడియో పాడ్‌కాస్టు మొదలుపెట్టింది. దారం ఎందుకు తెగుతుంది, బాబినుకి దూది ఎలా పడుతుంది, మిషను అలిగితే ఎలా బతిమాలాలి. ఒక్కతే కూర్చుని, నిదానంగా, తన దూరాలు తను నడుచుకుంటూ మాట్లాడేది. ఆమె ఎపిసోళ్ళు చాలా పొడుగు. అందులో సగం మౌనమే.

అయినవాళ్ళు చూస్తారేమోనని మాత్రం సిగ్గుతో చచ్చిపోయింది. అందర్నీ వద్దంది. మామయ్య చేతయితే ఏకంగా ఒట్టు పెట్టించుకుంది.

"నువ్వు చూడకూడదు మామయ్యా. నువ్వు చూస్తున్నావని తెలిస్తే… నాకు…"

మామయ్య ఎదురుచూశాడు.

"…నోరు పెగలదు."

"నీ నెత్తి మీద ఒట్టు తల్లీ, చూడను," అన్నాడు మామయ్య ఆమె నెత్తిన చెయ్యి పెట్టి. నెత్తిన చెయ్యి పెట్టడం ఆయన వృత్తే కాబట్టి చటుక్కున పెట్టేశాడు.

ఇహ అప్పట్నుంచి చూడండి ఆమె అవస్థ. మొదటి ఎపిసోడు పెట్టింది. ఎంతమంది చూశారా అని చూస్తే 'ఒక్కరు' అని ఉంది. పోనీలే, మొదటిదే కదా అనుకుంది. రెండోదానికీ ఒక్కరే. మూడోదానికీ, ఆ తర్వాత దానికీ అదే వరస. ఎండాకాలం వచ్చి పోయింది గానీ ఆ ఒక్కరికి తోడు ఇంకొకరు రాలేదు. ఆ ఒక్కరెవరో అని ఆమె ఎంత ఆలోచించేదో! ఎక్కడో మిషను ముందు కూర్చున్న ముసలమ్మ అనుకునేది. పని నేర్చుకుంటున్న పిల్ల అనుకునేది. మనసు బాగోలేని రోజున, వేలు జారి నొక్కినవాడెవడో అనుకునేది. ఆ ఒక్కరి కోసమే మాట్లాడటం అలవాటు చేసుకుంది.

ఇదిలా ఉండగా వీధిలో ఒక వింత మొదలైంది. ఎవర్ని చూసినా గుండే. బస్సు డ్రైవరు గుండు, బేకరీ ఆయన గుండు, సెలూను పక్కనే ఆసుపత్రి పెట్టుకున్న పళ్ళ డాక్టరుకి నల్లటి ఒత్తు జుట్టుండేది, అదీ నున్నబడింది. "వీధిలో పేలు పడ్డాయేమోనే," అని మేనకోడలి తల్లి చీర కొంగు తలచుట్టూ బిగించుకుంది.

మామయ్య వాలకం కూడా అనుమానంగానే ఉంది. మేనకోడలు మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని సెలూనుకి వెళ్ళేసరికి, ఆయన గబుక్కున క్లిప్పు ఊడదీసి ప్లేయరును తువాళ్ళ సొరుగులోకి తోసేసేవాడు. ఆపడు కదా మరి, అది సొరుగులోంచి సన్నగా గొణుగుతూనే ఉండేది. అది వినబడకుండా మామయ్య హెయిర్ డ్రయ్యరు పెద్దగా పెట్టి బేకరీ ఆయన గుండు మీద గాలి కొట్టేవాడు.

"గుండుకి… డ్రయ్యరేంటి మామయ్యా?"

"చెమట తల్లీ, చెమట!"

బేకరీ ఆయన కళ్ళు మూసుకుని బుద్ధిగా తలూపేవాడు. ఈ వయసులో సొరుగులో దాచి చూడాల్సినవి ఏం చూస్తున్నాడో మహానుభావుడు, అనుకుని మేనకోడలు తలదించుకుని బయటికొచ్చేది. వాళ్ళమ్మకి చెబుదామని "అమ్మా, మామయ్య సొరుగులో…" అని మొదలుపెడితే, "ఎలకలా? నేనెప్పుడో చెప్పాను," అని ఆవిడ బోను కొని పంపించింది.

చివరికి ఆమె విసిగిపోయింది. అంత లోకంలో ఒక్కరు! ఆ ఒక్కరి కోసం ఎంతకాలమని గొంతు చించుకోవడం? తన మాట కోసం ఆగేవాళ్ళు బయటా లేరు, తెర అవతలా లేరు అని తేలిపోయింది. కెమేరా తిరిగిచ్చేద్దామని నిశ్చయించుకుని ఆఖరి ఎపిసోడు చేసి పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి అన్నం కూడా ఒక్కసారే తింది.

మర్నాడు పొద్దున కొట్లో కూర్చుని మైకు తీగ చుట్టి పెట్టెలో పెడుతుంటే, బేకరీ ఆయన ఇంట్లో వాళ్ళ మిషను భుజాన వేసుకుని వచ్చాడు.

"దారం తెగుతోందండీ. పైదారం బిగువు చూశాను. సూది తిరగేసి పెట్టామేమోనని చూశాను. బాబిను కేసులో దూది కూడా తీశాను. మిషను పాదం కింద గరుకేమైనా ఉందేమో మీరు చూడాలి."

మేనకోడలు నోరు తెరిచింది. రొట్టెలు కాల్చుకునే మనిషికి పాదం కింద గరుకు సంగతి ఎలా తెలుసు?

"మీకు… ఇవన్నీ…"

బేకరీ ఆయన మిషను భుజాన అలాగే ఉంచుకుని ఎదురుచూశాడు. మాట లాక్కోలేదు. తీరిగ్గా, అలవాటైనవాడిలా ఎదురుచూశాడు. ఆమెకి అది ఇంకా వింతగా తోచింది.

"…ఎవరు చెప్పారు?"

"మీరే కదండీ! అలిగిన మిషను ఎపిసోడులో…" అని నాలుక్కరుచుకున్నాడు. "అయ్యో! చెప్పకూడదన్నారు మామయ్యగారు." అంతలో పెట్టెలోని మైకు కంటబడింది. "అంటే నిజంగానే ఆపేస్తున్నారా? అక్కడ జనం కొట్టుకు చస్తున్నారండీ, ఆపేస్తారని కొందరు, ఆపరని కొందరు. మీరు సరిగ్గా చెప్పబోతుండగా డబ్బా ఛార్జింగు అయిపోయింది. పళ్ళ డాక్టరు సగం తలతో కూర్చుని ఉన్నాడు!"

ఆమె పెట్టె అక్కడే వదిలేసి సెలూనుకి పరుగెత్తింది.

సెలూను కిటకిటలాడుతోంది. కుర్చీలో తెల్లగుడ్డ కప్పుకుని పళ్ళ డాక్టరు, మళ్ళీ పెరిగిన జుట్టు ఒకవైపే కత్తిరించి. అద్దం మూల క్లిప్పుకి వేలాడుతున్న ప్లేయరు తెర నల్లగా ఉంది. కంప్యూటరు సెంటరావిడ ఛార్జరు తీగను ఊదుతోంది, విదిలిస్తోంది, అది ఎక్కనంటోంది. బస్సు డ్రైవరు బెంచీ ఎక్కి నిలబడ్డాడు. మామయ్య కత్తెర గాల్లో ఎత్తి పట్టుకుని బొమ్మలా ఉన్నాడు.

"'వచ్చే వారం నుంచి నేను' అంది కదండీ, అంటే ఏదో చేస్తుందనేగా!" అంటున్నాడు డ్రైవరు.

"గొంతు అలా లేదండీ," అన్నాడు డాక్టరు. "నాకు తెలుసు, పన్ను పీకేముందు పేషంట్ల గొంతు అలాగే ఉంటుంది. పక్కన నా కుర్చీలో ఒకావిడ నోరు తెరుచుకుని కూర్చుంది, ఈ సంగతి తేలితే గానీ నేను వెళ్ళలేను."

మేనకోడలు గుమ్మంలో నిలబడేసరికి అందరూ గప్‌చిప్.

"మామయ్యా!" అంది. "నువ్వు… చూడనని… ఒట్టేశావు!"

"చూడలేదు తల్లీ! నీ నెత్తి మీద వేశాను, ఎలా చూస్తాను? నువ్వు కనబడినప్పుడల్లా కళ్ళు మూసుకున్నాను. విన్నానంతే."

"కళ్ళు మూసుకునే కత్తిరించారండీ!" అని డ్రైవరు బెంచీ దిగివచ్చి చెవి వెనక గాటు చూపించాడు. "ఇది మీ బాబిను ఎపిసోడుది. ఇదిగో ఇది పెడలుది."

"అయితే ఆ ఒక్కరు…" అందామె కంప్యూటరు సెంటరావిడ వైపు తిరిగి.

ఆవిడ ఆగి, మాట అయిందని ఖాయం చేసుకుని అంది: "నేనేనండీ. డబ్బాలోకి ఎక్కించినప్పుడు ఒకసారి లెక్కపడుతుంది కాబోలు. ఎక్కించానే గానీ నేను చూడలేదండోయ్. నాకసలు మిషనే లేదు."

మేనకోడలు చుట్టూ చూసింది. డ్రైవరు గుండు, వెనకాలే వచ్చిన బేకరీ ఆయన గుండు, బెంచీ మీద వరసగా ఇంకా గుండ్లు. వీధిలో పేలు పడలేదు. తన ఎపిసోళ్ళు పొడుగు, అంతే. తను మాటకీ మాటకీ మధ్య ఆగిన ప్రతిసారీ, ఆ ఆగినంతసేపూ వీళ్ళ నెత్తిమీద కత్తెర ఆడుతూనే ఉంది. ఎవడూ లేచి పోలేదు. లోకంలో ఒక్కరు చూస్తున్నారని తను ఏడుస్తుంటే, వీధి వీధంతా జుట్టిచ్చి మరీ వింది.

అప్పుడు తట్టింది ఆమెకి ఆ చిన్ననాటి క్రాపు సంగతి. ఈ కుర్చీలోనే పీట వేసుకుని కూర్చునేది. బళ్ళో జరిగిందంతా చెప్పేది, ఆగి ఆగి, దారి తప్పి మళ్ళీ వచ్చి. మామయ్య ఊఁ కొడుతూ కత్తిరించేవాడు. ఆ రోజుల్లో ప్లేయరు లేదు, డబ్బా లేదు. ఆమె కథ అయ్యేదాకా ఆయన క్షవరం అయ్యేది కాదు. లోకంలో ఇంకెక్కడా ముగియని ఆమె కథలన్నీ ఆ కుర్చీలోనే ముగిశాయి. ఇన్నేళ్ళూ ఆ ఫోటోలు చూసి ఈయన చేతకానితనం అనుకుంది.

"మామయ్యగారూ," అన్నాడు పళ్ళ డాక్టరు ఓపిక నశించి, "డబ్బా ఎక్కనంటోంది. డబ్బాలో అమ్మాయి ఎదురుగానే ఉంది కదా. మిగతా ముక్క ఇక్కడే చెప్పించుకోరాదూ?"

అందరూ ఆమె వంక తిరిగారు. మామయ్య కత్తెర ఇంకా గాల్లోనే ఉంది.

"వచ్చే వారం నుంచి…" అందామె. "నేను…"

రికార్డు చేసినప్పుడు ఆ తర్వాతి మాట నోటికి సిద్ధంగానే ఉంది. ఇప్పుడు అది ఎటో పోయింది. ఆమె ఆగింది. అలవాటు కొద్దీ ఎవరైనా లాక్కుంటారేమోనని కూడా చూసింది. ఎవరూ లాక్కోలేదు. డాక్టరు ఊపిరి బిగబట్టాడు.

సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మ, పేల మందు సీసా చేతపట్టుకుని, తలకి కొంగు బిగించి, జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చింది. "ఏమిటే? వచ్చే వారం నుంచి ఏమిటి? ఆపేస్తావా? మంచి పని, నేనెప్పుడో అన్నాను, ఒంటరిగా కూర్చుని ఆ గోడతో మాట్లాడే బదులు హాయిగా…"

"అక్కయ్యా! నోరుముయ్!"

డ్రైవరు నెత్తి తడుముకోవడం ఆపేశాడు. ఆ అరిచింది సెలూన్ మామయ్యే. రాంగు నంబరుని ఆసాంతం విన్న మామయ్య. పాజ్ నొక్కడం పాపమన్న మామయ్య. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మనిషి మాటని సగంలో కత్తిరించాడు.

వాళ్ళక్కయ్య నోరు తెరుచుకుని ఉండిపోయింది. "నా మాట… నా మాట తెగ్గోశావా నువ్వు?"

"క్షమించు అక్కయ్యా," అన్నాడు మామయ్య. "అమ్మాయి మాట్లాడుతోంది."

మేనకోడలు మామయ్య వంక చూసింది. కొత్త మాట నడిచి రావడానికి ఇంకాస్త సేపు పట్టింది. ఆ ఇంకాస్త సేపూ అందరూ ఆగారు.

"వచ్చే వారం నుంచి… నేను… వారానికి రెండు ఎపిసోళ్ళు పెడతాను."

సెలూను ఘొల్లుమంది. డ్రైవరు ఈలేశాడు. బేకరీ ఆయన భుజాన మిషను ఉన్న సంగతి మరిచి చప్పట్లు కొట్టబోయి, దాన్ని పట్టుకోబోయి బెంచీ మీద కూలబడ్డాడు. పళ్ళ డాక్టరు మాత్రం రెండు చేతులతో మిగిలిన సగం జుట్టునీ పొదివి పట్టుకున్నాడు. "రెండా?" అన్నాడు నీరసంగా.

"అయింది కదా తల్లీ, చెప్పడం?" అన్నాడు మామయ్య.

"అయింది మామయ్యా."

"ఈ ఒట్టొకటి తీసేస్తావా మరి? కళ్ళు మూసుకుంటే చెవులు తెగుతున్నాయి."

"తీసేశాను."

మామయ్య కళ్ళు తుడుచుకుని కత్తెర దించాడు. డాక్టరు ముఖం వికసించింది. ఇంకొక్క నాలుగు కత్తిరింపులు, పక్కల సరిచేయడం, అయిపోయినట్టే. కాస్తో కూస్తో జుట్టుతో బయటపడే రోజు ఇదొక్కటే. కానీ మామయ్యకి తప్పు చేసినవాడి బెంగ తీరలేదు. అక్కయ్య వైపు తిరిగి, చేతులు కట్టుకుని అన్నాడు:

"ఇందాక నీ మాట మధ్యలో తెంచాను. పాపం చేశాను. ఏదో అంటున్నావు, పూర్తిగా చెప్పక్కయ్యా."

"వద్దండీ!" అని కేకపెట్టాడు డాక్టరు.

ఆలస్యమైపోయింది. వాళ్ళక్కయ్య కొంగు విప్పి, పేల మందు సీసా పక్కన పెట్టి, బెంచీ మీద సర్దుక్కూర్చుని, తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది. మామయ్య ఊఁ కొడుతూ డాక్టరు తలవైపు తిరిగాడు. కత్తెర ఆడటం మొదలైంది.

తర్వాతి వారం ఎపిసోడుకి కూడా ఎంతమంది చూశారంటే 'ఒక్కరు' అనే పడింది. మేనకోడలు అది చూసి నవ్వుకుని, కొట్టు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పళ్ళ డాక్టరు ఎండలో తల తళతళలాడించుకుంటూ వస్తున్నాడు.

"ఎపిసోడు… ఎలా ఉంది డాక్టరుగారూ?"

డాక్టరు ఆగి, మాట అయ్యేదాకా చూసి, నెత్తి తడుముకుని చెప్పాడు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. కాస్త చలేస్తోంది, అంతే."